చిన్న ఆఫీసు పని

ఆ దేశం పేరు ఇక్కడ రాయను. రాస్తే నా కోపమంతా ఆ దేశం మీదే అనుకుంటారు. కొన్నాళ్ళు నేనూ అలాగే అనుకున్నాను. టీవీలో వాళ్ళ జెండా కనిపిస్తే ఛానల్ మార్చేదాన్ని. సూపర్‌మార్కెట్లో వాళ్ళ బిస్కెట్లు ఎదురైతే వరస మార్చి వెళ్ళిపోయేదాన్ని. పాపం, ఆ బిస్కెట్లేం చేశాయి! ఆ కోపం వేరేచోట పెట్టుకోవాల్సిందని తెలిసేసరికి వేసవి సగం అయిపోయింది.

మేముండేది ఐర్లండ్‌లో, గాల్వేలో. అక్కడ మెడికల్ డివైజెస్ కంపెనీలో ఇంజినీర్ని నేను. గుండె రక్తనాళం మూసుకుపోతే డాక్టర్లు సన్నటి గొట్టం చివర బెలూన్ పెట్టి లోపలికి పంపిస్తారు కదా, ఆ బెలూన్లు మేం చేస్తాం. కొన్నేళ్ళుగా వాటి మడతల మీదే నా పని. ఆ మార్చిలో మా మేనేజర్ డెక్లన్ టీ కప్పుతో నా బల్ల దగ్గరకు వచ్చి, "డామా, నీ పేపర్ తీసుకున్నారు" అన్నాడు. దమయంతి అనే పేరు అతని నోట పూర్తిగా ఎప్పుడూ పలకలేదు. ఆ దేశంలో జరిగే కాన్ఫరెన్స్‌కి. యూరప్‌లో మా రంగానికి అదే పెద్దది. గోడకి పోస్టరు తగిలించడం కాదు, వేదికెక్కి మాట్లాడటం. కొత్త బెలూన్ డిజైన్ టీముకి ఎవరిని లీడ్‌గా వేయాలా అని పైవాళ్ళు చూస్తున్నారనీ, అక్కడ బాగా మాట్లాడితే అది నాదేననీ కూడా చెప్పాడు.

చెబుతూనే, నా ఎదుట నిలబడి, ఫోన్‌లో తన టికెట్ కొనేసుకున్నాడు. టీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.

"నీదీ కొననా?"

"నాకు వీసా కావాలి."

"ఓ, రైట్. యూ విల్ బి గ్రాండ్."

ఐర్లండ్‌లో వాన పడినా గ్రాండే, కాలు విరిగినా గ్రాండే. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు ఇక్కడ ఎన్నేళ్ళున్నా, సముద్రం దాటి అవతలి యూరప్‌లో కాలు పెట్టాలంటే మళ్ళీ వేరే వీసా తెచ్చుకోవాలని అతనికి తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం లేని పుట్టుక అతనిది.

ఇంటికెళ్ళి చెప్తే మా ఆయన కళాధర్ నిజంగానే సంతోషించాడు. ఆ విషయంలో అబద్ధం చెప్పను. స్వయంగా సేమ్యా పాయసం చేసి నాకూ, మా అమ్మాయి సహస్రకీ పెట్టాడు. అది తింటూనే, "ఎలాగూ వెళ్తున్నావు కదా, మేమూ వచ్చేస్తాం. సహస్రకి అప్పటికి సెలవులే. పనిలో పని, యూరప్ చూసినట్టుంటుంది" అన్నాడు.

"నేను ఆ రోజులన్నీ హాల్లోనే ఉంటానండీ."

"నువ్వు హాల్లో ఉండు, మేం ఊళ్ళో ఉంటాం. నీ పని నీది, మా పని మాది."

మాట బాగానే ఉంది. ఆ వారం తిరక్కుండానే ఎన్నిస్ అనే ఊళ్ళో ఉండే, మాకిక్కడ పెద్దదిక్కులాంటి గంగాధరరావు అంకుల్, జ్ఞానేశ్వరి ఆంటీ కూడా ఆ టూరులో చేరారు. హోటలు కాన్ఫరెన్స్ జరిగేచోటికి దగ్గర్లో కాకుండా సరస్సు పక్కకి మారింది. నా ఉపన్యాసం ఉన్న రోజునే పడవ షికారు పెట్టారు. "నువ్వు మధ్యాహ్నానికి వచ్చెయ్యలేవా?" అని మా ఆయన నన్నే అడిగాడు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు అంటారు. మా ఇంట్లో పిల్లే ముహూర్తం పెట్టింది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఈ దేశంలో ముందు ఉద్యోగం వచ్చింది నాకు. నేను వచ్చిన ఏడాదిన్నరకి గానీ ఆయనా, అప్పటికింకా మాటలు రాని సహస్రా రాలేదు. వాళ్ళిద్దరూ వచ్చింది నా వర్క్ పర్మిట్ మీద. ఆయనకి షానన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికింది ఆ తర్వాతే. అయినా కాగితాల పని ఆయనదేనని మా ఇంట్లో ఎవరూ అనకుండానే ఖాయమైపోయింది. మూడు పాస్‌పోర్టులూ ఒక జిప్ కవర్లో పెట్టి, దాని మీద పసుపు బొట్టు పెట్టి, హాట్ ప్రెస్ పై అరలో, అంటే వేడినీళ్ళ ట్యాంకు ఉండే అలమరలో, తువ్వాళ్ళ కింద దాస్తాడు. చెమ్మ తగలకూడదట. ఐరిష్ పౌరసత్వానికి నాకు అర్హత ఎప్పుడో వచ్చింది. "నాకూ రానీ, ఇద్దరం జంటగా పెడదాం" అని ఆపిందీ ఆయనే. జంటగా అన్న మాట చెవికి ఇంపుగా ఉంటుంది కదా, ఆగాను.

ఒక ఆదివారం ఎన్నిస్‌లో అంకుల్ వాళ్ళింట్లో భోజనానికి కూర్చున్నాం. గంగాధరరావు అంకుల్‌కి ఐరిష్ పాస్‌పోర్టు వచ్చి చాలా ఏళ్ళయింది. వీసా అక్కర్లేనివాళ్ళకే వీసాల గురించి ఎక్కువ తెలుస్తుంది.

"అమ్మా, నా మాట ఇను," అన్నారు. కరీంనగర్ వదిలి ఎంత కాలమైనా ఆయన మాట ఇసుమంతైనా మారలేదు. "కాన్ఫరెన్స్ అని రాస్తే సవాలక్ష ప్రశ్నలడుగుతరు. అందరు టూరిజం అనే పెట్టుండ్రి. ఫ్యామిలీ అంటే ఆళ్ళకు నమ్మకం. గిట్ల పోయి గట్ల వస్తరు."

"నేను వెళ్ళేది కాన్ఫరెన్స్‌కే కదా అంకుల్! లేని మాట ఎందుకు రాయాలి?"

"లేని మాటేందమ్మా? పోయినంక ఊరు సూడవా నువ్వు?"

"చూస్తే చూస్తాను. దానికోసం మాత్రం వెళ్ళట్లేదు. నా ఫామ్ నేనే నింపుకుంటాను."

మా ఆయన అంకుల్ వైపు చూసి నవ్వాడు. "దీనికి పట్టుదల ఎక్కువ అంకుల్" అన్నాడు. ఆంటీ నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసి ఊరుకోమన్నట్టు చూసింది.

అన్నట్టే నా ఫామ్ నేనే నింపాను. ఎందుకు వెళ్తున్నారు అన్నచోట కాన్ఫరెన్స్ అని రాశాను. ఆహ్వానం, కంపెనీ ఉత్తరం జతచేశాను. చిక్కల్లా అపాయింట్‌మెంట్ దగ్గర వచ్చింది. కాన్ఫరెన్స్‌కి వెళ్ళేవాళ్ళ వరసలో ఖాళీలన్నీ కాన్ఫరెన్స్ అయిపోయాక ఉన్నాయి. మా ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని కూర్చుని, ఎవరో రద్దు చేసుకున్న ఫ్యామిలీ టూరిజం అపాయింట్‌మెంట్ ఒకటి పట్టాడు. నేను వీసా ఆఫీసుకి ఫోన్ చేసి అడిగితే, "కుటుంబం కలిసే వస్తే పర్లేదు, మీ ఫామ్‌లో సరిగ్గా ఉంటే చాలు" అన్నారు. ఆ మాటతో ముగ్గురం ధైర్యంగా డబ్లిన్ బస్సెక్కాం.

మేం వెళ్ళింది ఆ దేశం తరఫున కాగితాలు తీసుకునే వీసా ఆఫీసుకి. కుర్చీల నిండా మనలాంటివాళ్ళే. ఒకరి ఫైలు ఒకరికి కనిపించకుండా గుండెలకి హత్తుకుని కూర్చున్నారు. మా నంబరు పిలవగానే ముగ్గురం కౌంటరు దగ్గరకు వెళ్ళాం. అక్కడి అమ్మాయి నన్ను ముందు వేలిముద్రలకి పక్కగదిలోకి పంపింది.

నా వేలిముద్రలు మెషీన్‌లో పడలేదు. ఏళ్ళ తరబడి దుమ్ము చేరనివ్వని క్లీన్‌రూమ్‌లో గ్లవ్స్ వేసుకుని, స్పిరిట్‌తో చేతులు కడిగి కడిగి, వేలి గీతలు అరిగిపోయాయి. తుడవమన్నారు, నొక్కమన్నారు, మళ్ళీ తుడవమన్నారు. నేను బయటకు వచ్చేసరికి మా ఆయన రసీదులు జేబులో పెట్టుకుంటున్నాడు. సహస్ర కౌంటరు బల్ల మీద గడ్డం ఆనించి ఆ అమ్మాయి స్టాప్లర్ కొట్టడం చూస్తోంది.

"అయిపోయింది. నీది కూడా ఇచ్చేశాను."

"ఏమైనా అడిగారా?"

"ఏం అడుగుతారు? అంతా ఓకే. పద, పిల్ల ఆకలంటోంది."

ఆ తర్వాతి రోజుల్లో నేను ఉపన్యాసం ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్పలేను. గిన్నెలు తోముతూ చదివాను. షవర్లో చదివాను. సహస్ర వెనక నుంచి నా యాసని అనుకరించి నవ్వేది. నాతో తెలుగులో మాట్లాడదు, అన్నీ అర్థమవుతాయి. జవాబు మాత్రం గాల్వే యాస ఇంగ్లీషులో వస్తుంది. "మామ్, యు సౌండ్ లైక్ ద న్యూస్" అనేది. నాకు అదీ ముద్దుగానే ఉండేది.

పాస్‌పోర్టులు కొరియర్లో వచ్చాయి. ఆయనకి వీసా వచ్చింది. సహస్రకి వచ్చింది. నాకు రాలేదు. ప్రయాణానికి నేను చెప్పిన కారణం నమ్మేలా లేదని ఒక్క ముక్కలో తేల్చేశారు.

నమ్మేలా లేదట! ఏళ్ళ తరబడి మైక్రోస్కోపు మీద వంగి మెడ నొప్పి తెచ్చుకున్న నా కారణం నమ్మేలా లేదు. సరస్సులో పడవెక్కి ఫోటోలు దిగుతామన్న కారణం నమ్మేలా ఉంది. ఎవరి పర్మిట్ మీద వాళ్ళిద్దరూ ఈ దేశంలో అడుగుపెట్టారో, ఆ మనిషికే దారి మూసేశారు. నేను వంటింట్లో నిలబడి గట్టిగా అరిచాను. ఆ దేశాన్ని తిట్టాను. వాళ్ళ రాయబారిని తిట్టాను. మా ఆయన నాకంటే ఎక్కువ తిట్టాడు. "ఒట్టి జాత్యహంకారం! నేను వదలను" అని ఈమెయిల్ మీద ఈమెయిల్ కొట్టాడు. మళ్ళీ పెట్టుకోవడానికి అపాయింట్‌మెంట్లు లేవు. ఆ రోజంతా ఆయన నా కళ్ళలోకి చూడలేదు. నా బాధ చూడలేక అనుకున్నాను.

డెక్లన్ నిజంగానే బాధపడ్డాడు. "ఇట్స్ ఎ డిస్‌గ్రేస్" అని బల్ల మీద కొట్టాడు. మర్నాడు వచ్చి, "డామా, స్లైడ్లు నాకు పంపిస్తావా?" అని మెల్లగా అడిగాడు. పంపించాను. ఇంకేం చెయ్యను?

ఇంట్లో మా ఆయన తమ ప్రయాణం మానేస్తామన్నాడు. హోటల్ బుకింగ్ రద్దు కాదని అంకుల్ అన్నారు. "నా మీద జాలితో మీరిద్దరూ ఎదురుగా కూర్చుంటే నాకింకా ఒళ్ళు మండుతుంది, వెళ్ళండి" అని నేనే పంపాను.

నా ఉపన్యాసం రోజు నేను ప్లాంట్‌లో ఉన్నాను. తలకి నెట్ పెట్టుకుని బెలూన్లు లెక్కచూస్తున్నాను. టీ విరామంలో ఫోన్ తీస్తే గాల్వే తెలుగు కుటుంబాల గ్రూపు మోగిపోతోంది. మా ఆయన ఫోటో పెట్టాడు. కాన్ఫరెన్స్ హాలు గుమ్మం ముందు నిలబడ్డాడు. పక్కన అంకుల్ బొటనవేలు ఎత్తి చూపిస్తున్నారు. మా ఆయన మెడలో నా బ్యాడ్జి ఉంది. వక్త అని పెద్దక్షరాల్లో, కింద దమయంతి అని చిన్నగా కనిపిస్తోంది. నేను సంతోషిస్తానని, అక్కడి బల్ల దగ్గర అడిగి తీసుకున్నాడట.

కింద వరసగా అభినందనలు. "కంగ్రాట్స్ కళాధర్ గారూ!" "ప్రౌడ్ మూమెంట్ అన్నా!" చప్పట్లు, పూలగుత్తులు. ఒకావిడ, "ఏ టాపిక్ మీద మాట్లాడారండీ?" అని అడిగింది. దానికి ఆయన రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. కాదనలేదు. ఆ వక్త మా ఆవిడండీ అని రాయడానికి ఎంతసేపు పడుతుంది? నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోన్ లాకర్లో పడేసి మళ్ళీ లోపలికి వెళ్ళాను.

డెక్లన్ తిరిగొచ్చి అంతా గ్రాండ్‌గా జరిగిందన్నాడు. మడతల గురించి ఎవరో అడిగారట, డామా ఈమెయిల్ చేస్తుందని చెప్పాడట. డిజైన్ టీముని ప్రస్తుతానికి తననే చూసుకోమన్నారట. "జస్ట్ ఫర్ నౌ" అన్నాడు, చెవులు ఎర్రబడుతుండగా. అక్కడివాళ్ళకి అతని ముఖం తెలుసు. నా ముఖం తెలియదు. అతణ్ణి తప్పుపట్టడానికి కూడా నాకేం దొరకలేదు.

టూరు ముచ్చట్లకని అంకుల్ మళ్ళీ ఎన్నిస్‌కి భోజనానికి పిలిచారు. నాకు వెళ్ళాలని లేదు, అయినా వెళ్ళాను. పడవ ఫోటోలయ్యాయి, చాక్లెట్ దుకాణం ఫోటోలయ్యాయి. నా ముఖం చూసి కాబోలు, అంకుల్ మళ్ళీ ఆ దేశం మీద పడ్డారు.

"గాళ్ళకు తలకాయ లేదమ్మా. మొగుడికిచ్చి పెండ్లానికియ్యకపోవుడేంది? కారణమే లేదు."

"అదే కదా అంకుల్!" అన్నాడు మా ఆయన.

సహస్ర అప్పడం విరుచుకుంటూ తలెత్తింది. "బట్ డాడీ, ద లేడీ ఆస్క్‌డ్ యూ" అంది. ఫామ్‌లో ఒకటుంది, అపాయింట్‌మెంట్‌లో ఇంకోటుంది, ఏది వెయ్యమంటారు అని ఆ కౌంటర్ అమ్మాయి అడిగిందట. "యూ సెడ్, పుట్ హాలిడే. యూ సెడ్ మామ్స్ వాజ్ ఓన్లీ ఎ స్మాల్ ఆఫీస్ థింగ్."

దాన్లో ఫిర్యాదేమీ లేదు. పెద్దవాళ్ళు మర్చిపోయిన సంగతి గుర్తుచేస్తున్నాననుకుంది. చెప్పి, అప్పడం నోట్లో పెట్టుకుంది.

అంకుల్‌కి దగ్గొచ్చింది. ఆంటీ లేచి, "పెరుగు తెస్తనుండు" అని లోపలికి వెళ్ళింది. మా ఆయన కంచంలోకి చూస్తున్నాడు.

అంటే ఫామ్‌లో కాన్ఫరెన్స్, కౌంటరు అమ్మాయి దాని మీద జతచేసిన కాగితంలో విహారయాత్ర. ఆ రెండూ చూసిన ఏ అధికారైనా ఏమనుకుంటాడు? ఇన్నాళ్ళూ నేను ఊరికే తప్పించుకు తిరిగిన ఆ బిస్కెట్లు గుర్తొచ్చాయి.

తిరుగు ప్రయాణంలో కారు నేనే నడిపాను. సహస్ర వెనక సీట్లో నిద్రపోయాక అడిగాను. "నిజమేనా?"

"అపాయింట్‌మెంట్ పోతుందేమోనని భయం వేసిందే. వెనక జనం ఉన్నారు. అంకుల్ చెప్పింది బుర్రలో ఉంది. నోటికొచ్చింది అనేశాను."

"నేను పక్కగదిలోనే ఉన్నాను కదండీ. తలుపు తెరిచే ఉంది. నన్ను పిలవచ్చు కదా?"

ఆయన కిటికీ అద్దం వైపు తిరిగాడు.

"పిలవాలని తోచలేదు" అన్నాడు.

ఆయన అబద్ధం చెప్పి ఉంటే ఇంత కోపం వచ్చేది కాదు. తోచలేదట. నా ప్రయాణం, నా పేపరు, నా ఫామ్. అడగాల్సింది నన్నని తోచలేదు. మూసి ఉన్న తలుపు కూడా కాదు. వీసా ఇవ్వని అధికారికి నేనెవరో తెలియదు, అతని పని అతను చేశాడు. ఈయనకి నేనెవరో తెలుసు. నాకోసం పాయసం చేసిన మనిషే ఆ మాట అన్నాడు. "మాట్లాడకండి, కారు నడపనివ్వండి" అన్నాను.

ఇంటికెళ్ళి తిన్నగా హాట్ ప్రెస్ తెరిచాను. తువ్వాళ్ళు తీసి, జిప్ కవరు తీసి, నా పాస్‌పోర్టు బయటికి లాగాను. ఆయన గుమ్మంలో నిలబడి చూశాడు.

"పౌరసత్వానికి పెడుతున్నాను. ఒక్కదాన్నే."

"ఇద్దరం జంటగా..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

ఆ దరఖాస్తుకి పాస్‌పోర్టు కాపీ మీద లాయరు సంతకం కావాలి. గాల్వేలో ఒక బేకరీ పైన లాయరమ్మ ఆఫీసుకి టైము తీసుకున్నాను. ఆ రోజు బయల్దేరుతుంటే మా ఆయన చొక్కా మార్చుకుని వచ్చాడు. "ఎలాగూ వెళ్తున్నావు కదా, నేనూ వస్తా" అన్నాడు. ఆ మాట ఆయన అలవాటు కొద్దీ అన్నాడని తెలుసు. అయినా చుర్రుమంది.

"రండి. అక్కడ మాత్రం నోరు విప్పకండి."

లాయరమ్మ నెరిసిన జుట్టు మనిషి. మెడలో పట్టు స్కార్ఫు. పాస్‌పోర్టులో ఫోటో చూసింది, నన్ను చూసింది. పెన్ను తీస్తూ మర్యాదకి, "మీరేం చేస్తుంటారు గాల్వేలో?" అని అడిగింది.

"షీ ఈజ్ వర్కింగ్ ఇన్..." అన్నాడు మా ఆయన.

"ఏవండీ, ఆవిడ నన్నడిగింది" అన్నాను.

ఆయన నోరు మూసుకున్నాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. బెలూన్లు అని ఒక్క మాట చెప్పి ఆపేద్దామనే అనుకున్నాను. ఆగలేకపోయాను. బెలూన్‌ని మడతపెట్టి లోపలికి పంపిస్తారనీ, ఉబ్బించి పని అయ్యాక మళ్ళీ కుదించి బయటికి లాగుతారనీ చెప్పాను. లాగేటప్పుడు అది పాత మడతలోకి పోకుండా రెక్కలా విచ్చుకుంటే రక్తనాళం గీసుకుపోతుందన్నాను. ఆవిడ స్కార్ఫు అడిగి తీసుకుని, మా అమ్మ గంజిపెట్టి ఇస్త్రీ చేసిన చీరకి కుచ్చిళ్ళు పెట్టినట్టు మడిచి చూపించాను. ఆ చీర ఎన్నిసార్లు విప్పినా తన మడత తను మర్చిపోదు. బెలూన్‌కి కూడా ఎంత వేడిలో, ఎంతసేపు, ఎలా మడిచి ఉంచితే తన మడత తనకి గుర్తుంటుందో నేను కనుక్కున్నాను. షవర్లో చదివింది, గిన్నెల దగ్గర చదివింది, అంతా వచ్చింది. ఒక్క వాక్యం తడబడలేదు. కింద బేకరీలో రొట్టెల వాసన వస్తోంది. ఆవిడ పెన్ను మూత పెట్టేసి వింది. పక్క కుర్చీలో మా ఆయన కూడా విన్నాడు.

నేను ఆగాక ఆవిడ స్కార్ఫుని ఆ మడతలోనే చేతిలో పట్టుకుని, "వెల్, ఈజింట్ దట్ సమ్‌థింగ్" అంది. తర్వాత మా ఆయన వైపు తిరిగి, "మీకు ఇదంతా తెలుసా?" అని అడిగింది.

మా ఆయన నా వైపు చూశాడు. ఆ క్షణాన నోటికి ఇంగ్లీషు రాలేదు.

"తెలీదండీ" అన్నాడు.

ఆవిడ అర్థంకాక నన్ను చూసింది.

"తనకి తెలియదట" అని ఆవిడకి ఇంగ్లీషులో చెప్పాను. ఆయన తరఫున నేను మాట్లాడటం అదే మొదటిసారి.